వించ్‌కు కరెంటు ఎక్కడి నుంచి తేవాలి?

మొన్న నవంబరులో టెక్సాస్‌లో మా మిత్రుడి పాత కారు ఒకటి ట్రైలర్ ఎక్కించాల్సి వచ్చింది. ఇంజను పోయిన కారు, బరువు పదిహేను వందల కిలోల పైచిలుకు. ట్రైలర్ ముందు భాగంలో పన్నెండు వోల్టుల ఎలక్ట్రిక్ వించ్ బిగించి ఉంది. దానికి కరెంటు పికప్ ట్రక్కు బ్యాటరీ నుంచి తెచ్చారు, రెండు జతల జంపర్ కేబుళ్లు ఒకదానికొకటి తగిలించి. బటన్ నొక్కగానే తాడు బిగిసింది. ముందు చక్రాలు ర్యాంపు మీద ఓ అడుగు ఎక్కాయి. అక్కడ మోటారు మూలిగి ఆగిపోయింది. వించ్ పెట్టెలోపల, మోటారుకు కరెంటును కలిపి విడదీసే కాంటాక్టర్ టకటకా కొట్టుకోసాగింది.

మీటరు తీసి వించ్ టెర్మినల్స్ మీద పెట్టాను: 7.8 వోల్టులు. అదే సమయానికి ట్రక్కు బ్యాటరీ దగ్గర 12.1. నాలుగు వోల్టులకు పైగా దారిలోనే, ఆ సన్నటి కేబుళ్లలో, క్లిప్పుల దగ్గర వేడిగా మారి పోతోంది. రెండు జతలు కలిసిన చోట వేలు పెడితే చురుక్కుమంది. మిత్రుడి తమ్ముడు వెంటనే అడిగాడు: "అన్నా, ఇంకా పెద్ద బ్యాటరీ పెడితే లాగుతుందా?"

ఈ విషయంలో చాలామంది ఆలోచన ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. కార్లు మోసే ట్రైలర్ ఉన్నవాళ్లు, అమెరికాలో గానీ ఇంగ్లండులో గానీ ఆస్ట్రేలియాలో గానీ, వించ్ కొనేటప్పుడు ఎన్ని పౌండ్లు లాగుతుందో చూస్తారు. దానికి కరెంటు ఎలా అందుతుందన్నది కొన్న తరువాత, ర్యాంపు దగ్గర నిలబడ్డాక ఆలోచిస్తారు. ఇన్నేళ్లలో జనం రకరకాల దారులు కనిపెట్టారు. ఒక్కొక్కదాని వెనక ఉన్న లెక్క చూస్తే ఏది నిలుస్తుందో ఏది నిలవదో తేటతెల్లమవుతుంది.

ముందు ఎంత కావాలో చూద్దాం. పదిహేను వందల కిలోల కారును పన్నెండు డిగ్రీల వాలు మీదికి లాగాలంటే వాలు వల్ల పడే భారం 310 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. టైర్లు దొర్లడానికి మరో ముప్పై. అంటే 350 కిలోల లోపు. ట్రైలర్ల మీద మామూలుగా కనిపించే 9,500 పౌండ్ల వించ్, అంటే 4,300 కిలోలు లాగగలిగేది, ఈ మాత్రం లోడుకు 100 నుంచి 150 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. ఏమీ లాగకుండా ఊరికే తిరిగినా అరవై డెబ్బై తింటుంది. పూర్తి లోడు పడితే 400 దాటుతుంది. డెక్కు మీదికి ఆరు మీటర్లు లాగాలి. ఆగి, స్టీరింగు సరిచేసి, మళ్లీ లాగితే మోటారు తిరిగేది మహా అయితే మూడు నిమిషాలు. 120 ఆంపియర్లు మూడు నిమిషాలంటే 6 ఆంపియర్-అవర్లు. మామూలు కారు బ్యాటరీలోనే యాభై, అరవై ఉంటాయి.

అంటే ఒక కారును ఎక్కించడానికి ఖర్చయ్యే నిల్వ చాలా తక్కువ. కానీ ఆ కాస్తా ఒక్కసారిగా, వేగంగా అందాలి. ఇది ట్యాంకు సమస్య కాదు, పైపు సమస్య. మిత్రుడి తమ్ముడికి నేను చెప్పిన జవాబు కూడా అదే: ట్రక్కులో ఉన్న బ్యాటరీకి ఏ లోటూ లేదు, లోటంతా దారిలో ఉంది.

మన ఊళ్లలో వ్యవసాయం చేసినవాళ్లకు ఈ మాట వివరించనక్కరలేదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివర ఉన్న బోరు మోటారుకు లో వోల్టేజీ వస్తే ఏమవుతుందో వాళ్లు ఏటా చూస్తారు. అయితే ఒక తేడా ఉంది. బోరు మోటారు ఇండక్షన్ మోటారు. వోల్టేజీ తగ్గితే అదే నీళ్లు ఎత్తడానికి ఎక్కువ కరెంటు లాగి, వైండింగు కాలిపోతుంది. వించ్‌లోది డీసీ మోటారు. అది తీసుకునే కరెంటును నిర్ణయించేది తాడు మీద పడే లోడు. వోల్టేజీ తగ్గితే కరెంటు పెరగదు, వేగం పడిపోతుంది. మూడు నిమిషాల పని ఆరు నిమిషాలవుతుంది, ఆ ఆరు నిమిషాలూ మోటారు వేడెక్కుతూనే ఉంటుంది. అంతకంటే ముందు దెబ్బతినేది కాంటాక్టర్. దాని కాయిల్‌కు కావలసిన వోల్టేజీ అందక అది పట్టు వదులుతుంది, వదలగానే లోడు తగ్గి వోల్టేజీ పెరుగుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. మేము విన్న టకటక అదే. అలా కొట్టుకునే ప్రతిసారీ లోపల నిప్పురవ్వ లేస్తుంది. కొన్నాళ్లకు ఆ కాంటాక్టు బిళ్లలు కరిగి అతుక్కుపోతాయి. అప్పుడు బటన్ వదిలేసినా వించ్ ఆగదు.

ఇక దారుల సంగతి. అన్నిటికంటే సులువుగా తోచేది ట్రైలర్ లైట్ల ప్లగ్గు. అమెరికాలో ఏడు పిన్నుల సాకెట్‌లో ఒక పిన్ను ఎప్పుడూ పన్నెండు వోల్టులు ఇస్తుంది. యూరప్‌లో పదమూడు పిన్నుల సాకెట్‌లోనూ అలాంటివి ఉన్నాయి. "కరెంటు ఉంది కదా, వించ్‌కు కలిపేద్దాం" అనిపిస్తుంది. ఆ పిన్నుకు వెనక సాధారణంగా ఉండేది 30 ఆంపియర్ల ఫ్యూజు. వించ్ ఊరికే తిరగడానికి అడిగేది దానికి రెట్టింపు. ఫ్యూజును పెద్దది చేస్తే సరిపోతుందనుకునేవాళ్లూ ఉన్నారు. ఆ లైనులో ఉండేది అయిదు స్క్వేర్ ఎంఎం వైరు, చాలా బళ్లలో అంతకంటే సన్నం. ట్రక్కు ముందు నుంచి ట్రైలర్ దాకా పోయి రావడానికి పదహారు మీటర్లు వేసుకుంటే దాని నిరోధం 53 మిల్లీఓములు. 150 ఆంపియర్లు ప్రవహిస్తే ఎనిమిది వోల్టులు ఆ వైరే మింగేస్తుంది, సీటు కింద, కార్పెట్టు కింద మండే స్థాయికి వేడెక్కుతుంది. ఈ దారి మూసేసుకోవాలి. ఆ పిన్నుకు ఇంకో మంచి ఉపయోగం ఉంది, దాని దగ్గరికి వస్తాను.

రెండోది ట్రక్కు బ్యాటరీ నుంచి వెనక బంపరు దాకా లావు కేబుల్ వేసి, అక్కడ తగిలించి తీసే ప్లగ్గు పెట్టడం. అమెరికాలో, ఆస్ట్రేలియాలో దీనికి వాడేది ఆండర్సన్ ప్లగ్గు. ఫోర్క్‌లిఫ్టుల బ్యాటరీల దగ్గర చూసేవి అవే. రెండు ముక్కలూ ఒకే ఆకారంలో ఉంటాయి, ఒకదాన్ని తిప్పి ఇంకోదానిలో దూర్చడమే, ప్లస్ మైనస్ తారుమారయ్యే వీలుండదు. 50, 175, 350 ఆంపియర్ల సైజులు దొరుకుతాయి. ట్రైలర్ వించ్‌కు 175 చాలు. కాసేపు అంతకంటే ఎక్కువ పోయినా తట్టుకుంటుంది. కారవాన్‌లకు వాడే 50 సైజు ప్లగ్గును వించ్‌కు పెట్టి కరిగించుకున్నవి నేను రెండు చూశాను.

ఈ పద్ధతిలో బలం ఏమిటంటే ఇంజను నడుస్తుండగా ఆల్టర్నేటర్ కూడా తోడు పడుతుంది. బలహీనత దూరం. అదే పదహారు మీటర్లకు 35 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ వేస్తే నిరోధం 8 మిల్లీఓములు. 150 ఆంపియర్ల దగ్గర 1.2 వోల్టులు పోతాయి. ఇది భరించవచ్చు. కారు ఎక్కడో తట్టుకుని 400 లాగితే 3.2 వోల్టులు పోతాయి. 70 స్క్వేర్ ఎంఎం వేస్తే ఆ నష్టం సగానికి వస్తుంది, ఖర్చు రెట్టింపవుతుంది, బొటనవేలంత లావు కేబుళ్లను చాసిస్ పక్కన సైలెన్సరుకు తగలకుండా వంచి తీసుకెళ్లడం ఒక రోజు పని. ఎప్పుడూ ఒకే ట్రక్కుతో ఒకే ట్రైలర్ లాగేవాళ్లకు ఇది మంచి దారి. ట్రక్కులు మారుతుంటే, ట్రైలర్ నలుగురి చేతులు మారుతుంటే పనికిరాదు. వెనక ప్లగ్గు లేని బండి వచ్చిన రోజున మళ్లీ జంపర్ కేబుళ్లే గతి.

కేబుల్ కొనేటప్పుడు ఒక మోసం జాగ్రత్తగా చూసుకోవాలి. ఆన్‌లైన్‌లో చవకగా వచ్చే లావు కేబుళ్లలో చాలావరకు అల్యూమినియం తీగకు రాగి పూత వేసినవి. పైకి ఎర్రగానే కనిపిస్తాయి. గోటితోనో కత్తితోనో ఒక పోగు గీరితే లోపల తెల్లగా బయటపడుతుంది. వాటి నిరోధం అచ్చమైన రాగికి ఒకటిన్నర రెట్లు. తడికి తుప్పు కూడా తొందరగా పడుతుంది. వెల్డింగు కేబుల్ కొనుక్కోవడం మేలు, సన్నటి పోగులతో మెత్తగా వంగుతుంది. లగ్గులు సుత్తితో కొట్టి బిగించినవి కాకుండా హైడ్రాలిక్ క్రింపరుతో నొక్కినవై ఉండాలి. ఒక్క వదులు జాయింటు 5 మిల్లీఓముల నిరోధం పెట్టినా, 150 ఆంపియర్ల దగ్గర అక్కడ 110 వాట్ల పైగా వేడి పుడుతుంది. వందవాట్ల బల్బును గుప్పిట్లో మూసినట్టు.

నాకు అన్నిటికంటే నచ్చిన దారి మూడోది: బ్యాటరీని ట్రైలర్ మీదే పెట్టేయడం. వించ్ పక్కనే, ట్రైలర్ ముందు కొసన, పెట్టెలో. దూరం పోయి రావడానికి రెండు మీటర్లు. అదే 35 స్క్వేర్ ఎంఎం కేబుల్‌లో ఇప్పుడు నిరోధం ఒక్క మిల్లీఓము, 150 ఆంపియర్లకు పోయేది 0.15 వోల్టు. పదహారు మీటర్లతో పోల్చి చూడండి. ఏ ట్రక్కు తగిలించినా, అసలు ట్రక్కు లేకపోయినా వించ్ పనిచేస్తుంది.

ఎలాంటి బ్యాటరీ అంటే, ఇక్కడ మన వాళ్లు ఒక పొరపాటు చేస్తారు. మన ఇళ్లలో ఇన్వర్టర్ కింద ఉండే 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ బ్యాటరీ గుర్తుకొచ్చి, అంతటిది పెడితే నెల రోజులు చూడక్కర్లేదనుకుంటారు. అది నెమ్మదిగా, గంటల తరబడి ఫ్యాన్లూ లైట్లూ నడపడానికి చేసినది. పాజిటివ్ పలకలు లావు, ఉన్నట్టుండి వందల ఆంపియర్లు అడిగితే వోల్టేజీ జారిపోతుంది. పైగా అందులో ఆసిడ్ నీళ్లు తొణుకుతుంటాయి. ట్రైలర్‌కు కావలసింది అటు స్టార్టింగుకూ ఇటు డిశ్చార్జికీ తట్టుకునే ఏజీఎం రకం, 60 నుంచి 100 ఆంపియర్-అవర్లది. ఏజీఎం అంటే ఆసిడ్‌ను గాజునారల దూదిలో పీల్పించి సీలు వేసినది. తొణకదు, గుంతల రోడ్డు మీద కుదుపులకు పలకలు రాలవు. వందది ముప్పై కిలోల దాకా బరువు ఉంటుంది, ట్రైలర్ టంగ్ మీద భారం లెక్కలో దాన్నీ కలుపుకోవాలి.

లిథియం వాడవచ్చా అని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తేలిక, వోల్టేజీ చివరిదాకా నిలకడగా ఉంటుంది, వించ్‌కు అది వరం. కానీ లోపల ఉండే బీఎంఎస్ అనే కాపలా సర్క్యూటు చూసుకోవాలి. వంద ఆంపియర్-అవర్ల బ్యాటరీకి చాలావరకు బీఎంఎస్ కూడా వంద ఆంపియర్లదే ఉంటుంది. వించ్ 150 అడిగిన కొద్ది సెకన్లకు అది కరెంటు కట్ చేసేస్తుంది. కారు ర్యాంపు మధ్యలో ఉండగా అలా జరగడం ఎంత ప్రమాదమో ఊహించండి. నిరంతరం 200, క్షణకాలం అంతకు రెట్టింపు ఇచ్చే బీఎంఎస్ ఉంటేనే కొనాలి. చలిదేశంలో ఉన్నవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: సున్నా డిగ్రీల కింద ఎల్ఎఫ్‌పీని చార్జి చేయకూడదు. మినియాపొలిస్‌లోనో టొరంటోలోనో శీతాకాలమంతా బయట నిలిపే ట్రైలర్‌కు ఏజీఎం పెట్టమనే నా సలహా.

ట్రైలర్ మీది బ్యాటరీని చంపేది వించ్ కాదు, ఖాళీగా నిలబెట్టడం. చాలా ట్రైలర్లు నెలకోసారి, రెండు నెలలకోసారి కదులుతాయి. ఆరు ఆంపియర్-అవర్లు వాడి, చార్జి చేయకుండా అలాగే వదిలేస్తే, దానంతట అది తగ్గేది కూడా కలిసి, పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. రెండేళ్లలో బ్యాటరీ పోతుంది. కాబట్టి చార్జింగు ఎలా అన్నది బ్యాటరీ ఎంపికంత ముఖ్యం.

ఇక్కడ ఆ ఏడు పిన్నుల ప్లగ్గు పనికొస్తుంది. వించ్‌ను నడపడానికి చాలని వైరు, దారిపొడవునా బ్యాటరీని మెల్లగా నింపడానికి చాలు. వాడిన ఆరు ఆంపియర్-అవర్లే కదా, గంట ప్రయాణంలో చాలావరకు తిరిగి వస్తుంది. కానీ నేరుగా కలిపితే ఒక చిక్కు. ట్రక్కు తగిలించి ఉండగా వించ్ నొక్కితే ట్రైలర్ బ్యాటరీ వోల్టేజీ పదకొండుకు దిగుతుంది, ట్రక్కు వైపు పద్నాలుగు ఉంటుంది, ఆ తేడాకు సన్నటి చార్జింగు వైరులోంచి కూడా వించ్‌కు కరెంటు పరుగెత్తి 30 ఆంపియర్ల ఫ్యూజు పోతుంది. ఫ్యూజు పోయిన సంగతి వెంటనే ఎవరికీ తెలియదు, లైట్లు వెలుగుతూనే ఉంటాయి. ఆ రోజు నుంచి బ్యాటరీ చార్జి కావడం మానేస్తుంది. తరువాతెప్పుడో వించ్ మొరాయించినప్పుడు బ్యాటరీ చెడ్డదని పారేసి కొత్తది కొంటారు. కొత్తదీ అలాగే పోతుంది.

దీనికి సరైన మందు మధ్యలో డీసీ-డీసీ చార్జరు పెట్టడం. అది ట్రక్కు వైపు నుంచి తనకు నిర్ణయించిన కరెంటుకు మించి తీసుకోదు, దారిలో తగ్గిన వోల్టేజీని పెంచి బ్యాటరీకి కావలసిన 14 పైచిలుకు వోల్టులు ఇస్తుంది. ఆస్ట్రేలియాలో రెడార్క్, నెదర్లాండ్స్‌లో విక్ట్రాన్ ఇలాంటివి తయారుచేస్తున్నాయి. ఏడు పిన్నుల లైనుకు పదిహేను, ఇరవై ఆంపియర్ల సైజు చాలు, ముప్పైది పెడితే మళ్లీ ఫ్యూజు అంచుకు వస్తుంది. కొత్త బళ్లలో ఆల్టర్నేటర్ ఇంధనం ఆదా కోసం వోల్టేజీని తనే దించుకుంటుంది కనుక, అలాంటి బండి వెనక డీసీ-డీసీ చార్జరు లేకుండా ట్రైలర్ బ్యాటరీ ఎప్పటికీ నిండదు. ఇంత ఖర్చు వద్దనుకునేవాళ్లు ట్రైలర్ నిలిపే చోట గోడ సాకెట్ ఉంటే చిన్న మెయింటెనెన్సు చార్జరు తగిలించవచ్చు, లేకపోతే పెట్టె మూత మీద ఇరవై వాట్ల సోలార్ ప్యానెల్, చిన్న కంట్రోలరు. నెలకు రెండుసార్లు వాడే ట్రైలర్‌కు నిజానికి ఆ ప్యానెల్ ఒక్కటే సరిపోతుంది. ఎండ తగలాలి, అంతే.

మిగతావాటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. జేబులో పట్టే లిథియం జంప్ స్టార్టర్లు ఇంజను స్టార్టు చేయడానికి కొద్ది సెకన్లు ఇవ్వగలవు, వించ్‌కు కావలసింది నిమిషాలు. మెయిన్స్ కరెంటుతో నడిచే వించ్, పక్కన జనరేటర్ పెట్టుకోవడం యార్డులో బాగుంటుంది, రోడ్డు మీద కాదు. ఇరవై నాలుగు వోల్టుల వించ్ మాత్రం ఆలోచించదగినది. అదే శక్తికి కరెంటు సగం, దారిలో పోయే వోల్టులు సగం, మొత్తంలో ఆ నష్టం వాటా నాలుగో వంతు. ట్రైలర్ మీద రెండు బ్యాటరీలు సిరీస్‌లో పెట్టి, పన్నెండు నుంచి ఇరవై నాలుగుకు పెంచే చార్జరు పెట్టాలి. రోజూ కార్లు ఎక్కించి దించే వ్యాపారం ఉన్నవాళ్లకు తగిన ఏర్పాటు.

కరెంటు ఎంత తేవాలన్న ఆలోచనతో పాటు ఎంత తగ్గించవచ్చన్నదీ చూడాలి. ఈ వైపు జనం సరిగా చూడరని నా బాధ. మా మిత్రుడి కారు ఆ రోజు ఆగిపోవడానికి సగం కారణం హ్యాండ్ బ్రేకు పూర్తిగా వదలకపోవడం. నాలుగు చక్రాలూ పట్టేసి ఉంటే ఆ పదిహేను వందల కిలోల కారుకు 350 కాదు, 1,300 కిలోల లాగుడు కావాలి. గాలి దిగిన టైర్లలో గాలి కొట్టడం, ట్రక్కు వెనక చక్రాలు కాస్త ఎత్తు మీద నిలిపి ట్రైలర్ తోకను కిందికి దించడం, పొడుగు ర్యాంపులు వాడటం, వీటిలో ఒక్కొక్కటీ ఆంపియర్లను తగ్గిస్తుంది, పెద్ద ఖర్చు లేకుండా.

గిలక సంగతి కూడా చెప్పాలి. బావి గిలక చేదే దిశను మాత్రమే మారుస్తుంది, బరువు తగ్గించదు. అదే గిలకను కారు కొక్కేనికి తగిలించి, తాడును దాని చుట్టూ తిప్పి, కొసను తిరిగి ట్రైలర్‌కు కట్టేస్తే తాడు మీద లోడు దాదాపు సగమవుతుంది. స్నాచ్ బ్లాక్ అని అమ్మేది ఇదే. వేగం సగమవుతుంది, తాడు రెట్టింపు కావాలి. ఆ రెట్టింపు తాడు ట్రైలర్ మీద మంచిదే. వించ్ మీద రాసిన పౌండ్లు డ్రమ్ము మీద మొదటి వరస తాడుకు మాత్రమే వర్తిస్తాయి, పై వరసకు వెళ్లేకొద్దీ ఒక్కో వరసకు పదో వంతు, అంతకంటే కాస్త ఎక్కువ బలం తగ్గుతుంది. ట్రైలర్ మీద మనం వాడేది ఆరేడు మీటర్లు, డ్రమ్ము మీద పాతిక మీటర్ల పైగా ఉంటుంది. అంటే ఎప్పుడూ పై వరసల మీదే, బలహీనమైన చోటే లాగుతున్నాం. ట్రైలర్‌కే ఉండిపోయే వించ్ అయితే, గిలక వాడకపోతే, పన్నెండు మీటర్ల తాడు మాత్రం ఉంచుకుంటే చాలు.

ఇక రక్షణ. మొదటిది వెనక్కి వచ్చే దారి. ప్లస్ కేబుల్ లావుగా వేసి, మైనస్‌కు ట్రైలర్ ఇనుమే ఉంది కదా అని వదిలేసేవాళ్లు చాలామంది. ట్రక్కు బ్యాటరీ నుంచి వించ్ నడుపుతుంటే ఆ కరెంటు తిరిగి ట్రక్కుకు చేరాలి. చేరే దారి హిచ్ బాల్, దాని మీద గ్రీజు, తుప్పు. అక్కడ దారి దొరక్కపోతే ఏడు పిన్నుల ప్లగ్గులోని సన్నటి ఎర్తు వైరు గుండా వెళుతుంది, దాన్ని కాల్చేస్తుంది, దానితో పాటు లైట్లు, ఎలక్ట్రిక్ బ్రేకులు పోతాయి. ప్లస్ ఎంత లావో మైనస్ అంతే లావు, వించ్ నుంచి బ్యాటరీ దాకా నేరుగా వేయాలి. కొత్త బళ్లలో ట్రక్కు బ్యాటరీ మైనస్ పోస్టు మీద కరెంటును కొలిచే సెన్సరు ఉంటుంది. మైనస్ కేబుల్‌ను దాని ఇవతల చాసిస్ ఎర్తు దగ్గర బిగించాలి, పోస్టు మీదే బిగిస్తే బండికి బ్యాటరీ లెక్క తప్పుతుంది.

రెండోది ఫ్యూజు. జీపు బంపరు మీద వించ్‌కు ఫ్యూజు లేకుండానే చాలా కంపెనీలు ఇస్తాయి, అక్కడ కేబుల్ పొడవు ఒకటిన్నర మీటరు. ట్రక్కు కింద ఆరు మీటర్లు పాకే కేబుల్ సంగతి వేరు. ఎక్కడైనా ఒరుసుకుని చాసిస్‌కు తగిలితే బ్యాటరీ ఇచ్చినంత కరెంటూ అక్కడే కుమ్మరిస్తుంది. బ్యాటరీకి జానెడు దూరంలో కేబుల్‌కు తగిన ఫ్యూజు గానీ బ్రేకరు గానీ ఉండాలి. ట్రక్కులో ఒకటి, ట్రైలర్‌లో ఒకటి బ్యాటరీలుండి మధ్య కేబుల్ ఉంటే ఫ్యూజు రెండు చివరలా కావాలి, కరెంటు ఏ వైపు నుంచైనా రావచ్చు. వీటితో పాటు చేతికందే చోట ఒక ఐసోలేటర్ స్విచ్చి పెట్టాలి. కాంటాక్టర్ అతుక్కుపోయి వించ్ ఆగనప్పుడు కారును వించ్ దాకా లాక్కోకుండా ఆపేది అదొక్కటే.

మూడోదాని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. అమెరికాలో బ్రేకులున్న ట్రైలర్లకు బ్రేక్అవే ఏర్పాటు ఉంటుంది. ట్రైలర్ బండి నుంచి తెగిపోతే ఒక పిన్ను ఊడి, ట్రైలర్ మీది చిన్న బ్యాటరీ నుంచి ఎలక్ట్రిక్ బ్రేకులకు కరెంటు వెళ్లి చక్రాలు పట్టేస్తాయి. కనీసం పదిహేను నిమిషాలు పట్టి ఉంచాలని ఫెడరల్ నిబంధన. వించ్ కోసం పెద్ద బ్యాటరీ పెట్టినవాళ్లు "ఆ చిన్న బ్యాటరీ ఎందుకు, రెండిటికీ ఇదే చాలు" అని చిన్నదాన్ని తీసేస్తారు. వించ్ లాగి లాగి బ్యాటరీ అడుగంటిన రోజునే, కారు ఎక్కించి, రెండు టన్నుల బరువుతో రోడ్డెక్కుతాం. సరిగ్గా ఆ ప్రయాణంలోనే బ్రేక్అవేకు కరెంటు ఉండదు. ఆ చిన్న బ్యాటరీని విడిగా ఉంచండి, దాని టెస్టు బటన్‌ను బయలుదేరే ముందు నొక్కి చూడండి. యూరప్ ట్రైలర్లలో బ్రేక్అవే ఉక్కు తీగతో మెకానికల్‌గా పనిచేస్తుంది కాబట్టి అక్కడ ఈ చిక్కు లేదు.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక ఈ కథలో కొత్త మలుపులు వచ్చాయి. లో వోల్టేజీ బ్యాటరీ చచ్చిన ఈవీకి పార్కింగు బ్రేకు వదలదు, న్యూట్రల్‌లోకి రాదు. ఆ కారును చక్రాలు పట్టేసిన స్థితిలో లాగాలంటే ముందు చెప్పినట్టే కావలసిన లాగుడు బాగా పెరుగుతుంది, పైగా కారు బరువూ ఎక్కువే. అలాంటప్పుడు వించ్ ముట్టుకునే ముందు ఆ కారు కంపెనీ చెప్పిన చోట బయటి నుంచి కరెంటు ఇచ్చి, ట్రాన్స్‌పోర్టు మోడ్‌లో పెట్టాలి. ఇక లాగే బండే ఈవీ అయితే, దాని పన్నెండు వోల్టుల బ్యాటరీ చిన్నది, దాన్ని నింపేది హై వోల్టేజీ ప్యాక్ నుంచి వచ్చే కన్వర్టరు. వించ్ భారం దాని మీద వేయకూడదు. ట్రైలర్ మీద సొంత బ్యాటరీ ఉండాలనడానికి ఇది మరో కారణం.

మన దగ్గర కార్ల ట్రైలర్లు తక్కువ. చెడిపోయిన కారును హైవే మీద నుంచి తెచ్చేది ఫ్లాట్‌బెడ్ లారీ. జాతీయ రహదారి మీద 1033కు ఫోన్ చేస్తే క్రేన్ వస్తుంది. ఈ బళ్ల మీద చాలావరకు వించ్ హైడ్రాలిక్‌ది. లారీ ఇంజనే పంపును తిప్పుతుంది, గంట సేపు లాగినా మోటారు చల్లార్చుకోవాల్సిన పని లేదు, రోజంతా అదే పని చేసేవాళ్లకు అదే సరైనది. ఎలక్ట్రిక్ వించ్ పెట్టుకునేవాళ్లు మాత్రం ఒక తప్పు చేయకూడదు. లారీలో ఉన్నవి ఇరవై నాలుగు వోల్టులు, రెండు బ్యాటరీలు సిరీస్‌లో. చవకగా దొరికిందని పన్నెండు వోల్టుల వించ్ తెచ్చి రెండిట్లో ఒక బ్యాటరీకి మాత్రమే కలుపుతారు. అది తరుగుతూ ఉంటుంది, ఆల్టర్నేటర్ మాత్రం రెండిటినీ సమానమనుకుని నింపుతుంది. ఒకటి అర్ధాకలితో, ఇంకోటి అతిచార్జితో, రెండూ పోతాయి. లారీకి ఇరవై నాలుగు వోల్టుల వించే కొనాలి.

మా మిత్రుడి ట్రైలర్‌కు డిసెంబరులో డెబ్బై అయిదు ఆంపియర్-అవర్ల ఏజీఎం పెట్టాం, 35 స్క్వేర్ ఎంఎం వెల్డింగు కేబుల్, ఐసోలేటర్, మూత మీద ప్యానెల్. మొదటిసారి లాగేటప్పుడు తమ్ముడి చేతికే మీటరు ఇచ్చాను. ఎక్కడ కొలవాలో చూపించాను: బ్యాటరీ పోస్టుల మీద కాదు, వించ్ టెర్మినల్స్ మీద, లోడు పడి ఉండగా. పదిన్నరకు దిగితే ఆపి, మళ్లీ లోడు పెట్టి లాగుతుండగా కేబుల్ ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కో జాయింటు మీద రెండు ప్రోబ్‌లు పెట్టుకుంటూ రావాలి. ఎక్కడ సంఖ్య పెద్దగా కనిపిస్తే జబ్బు అక్కడే. అదే కారు, అదే ర్యాంపు. ముందు చక్రాలు అంచు దాటుతుండగా అతను గట్టిగా చదివాడు: "పదకొండు పాయింట్ ఆరు, అన్నా."